నల్ల అంచు నోటీసు

శుద్ధ అష్టమి

తెల్లారి, నీళ్ళ మీద తేలే ఈ ఊళ్ళని కలిపే వల తెరిచేసరికి తెప్పలన్నిటికీ పచ్చచుక్కే ఉంది. అంటే అన్నిచోట్లా గొట్టాలు సముద్రాన్ని తోడుతున్నాయి, ఉప్పు విరుగుతోంది, కడవలు నిండుతున్నాయి. కొండకేంద్రంలో మా ఉద్యోగం ఇదే. తెప్పల చుక్కలు చూసుకోవటం, వాటి అడ్మిన్ల పలకల మీద నోటీసులు పెట్టటం. పలకకి పాత రోజుల్లో డాష్‌బోర్డు అని పేరుండేదట. నేను ఇక్కడ ఒక్కసారి రాస్తే చాలు, తెప్ప తెప్పనా అడ్మిన్ పలక తెరవగానే పైన పట్టీలో కనబడుతుంది. చదువుతారా అంటే అది వేరే సంగతి.

ఈరోజు పట్టీ కోటేశులు బాబాయి రాశాడు. "ఉప్పుతెప్ప అడ్మిన్ జగన్నాథం గారికి పుట్టినరోజు శుభాకాంక్షలు. ఎండుచేపలు ఆరబెట్టేవారు గాలివాటు చూసుకోగలరు." రోజూ ఇదే వరస. బాబాయి, నేను, కొండ మీద ఉన్నది ఇద్దరమే. వల పుట్టినప్పటినుంచీ దాన్ని చూస్తున్న మనిషి కాబట్టి గట్టిగా అనలేను. అయినా అన్నాను.

"పని ఉన్నప్పుడే పట్టీ వాడాలి బాబాయ్. రోజూ దీవెనలు పెడితే పనిమాట ఎవడు చదువుతాడు?"

"పొద్దున్నే పలక తెరిసేవోడికి ఓ మంచిమాట కనపడితే నీ సొమ్మేం పోయిందే అమ్మాయ్," అన్నాడు. పిన్ని సీతారత్నం పోయాక ఆయనకి దీవెనల పిచ్చి ఎక్కువైంది.

మధ్యాహ్నం నీటిని పసిగట్టటానికి దక్షిణాన వదిలిన తేలుబుడ్లు సంకేతం పంపాయి. ఎర్రనీరు బయల్దేరింది. ఈ వేగాన పున్నమి పోటుతో మన తెప్పల కిందికి వస్తుంది, ఒక రోజు ఉండి వెనక్కి పోతుంది.

ఎర్రనీరు గొట్టంలో ఎర్రగా రాదు. రంగు వడబోతలోనే ఆగిపోతుంది, విషం ఆగదు. కడవలోకి వచ్చేసరికి తేటగా, తియ్యగా ఉంటుంది. కాచినా విరగదు. పెద్దవాళ్ళకి చేతులు మొద్దుబారి, ఆ తర్వాత ఊపిరి ఆడదు. కడుపుతో ఉన్నవాళ్ళకి బిడ్డ నిలవదు. లంగరుతెప్ప అలాగే ఖాళీ అయిపోయింది. దాని చుక్క ఇంకా నా పలక మీద బూడిదరంగులో ఉంది, తీసెయ్యటానికి చెయ్యి రాలేదు.

చెయ్యాల్సింది చిన్న పనే. ఆ ఒక్కరోజు గొట్టాలు మూసేసి, ఇంట్లో వానకుండ నీళ్ళు తాగితే చాలు. కానీ గొట్టం మీట అడ్మిన్ చేతిలోనే ఉంది. మీట మీద హక్కు తెప్పవాళ్ళదేనని వల కట్టినరోజే ఒప్పందం. మేము చెప్పగలం, మూయలేం.

మా అమ్మాయి తాయారు గవ్వలతెప్పలో ఉంది. దానికి ఏడో నెల.

నవమి

పసుపు నోటీసు పెట్టాను. విషయం నాలుగు ముక్కల్లో రాసి, కింద రెండు మీటలు ఇచ్చాను. ఒకటి "పున్నమికి మూస్తాం", రెండోది నోటీసు తుడిచేసే మామూలు ఇంటూ గుర్తు. ఎవరేది నొక్కారో నాకు తెలుస్తుంది.

అందరూ ఇంటూ గుర్తే నొక్కారు. జగన్నాథం ఒక్కడే తిరుగుమాట పంపాడు. "పుట్టినరోజు గుర్తుంచుకున్నందుకు ధన్యవాదాలండీ."

దశమి

ఎర్రరంగు వేశాను. వెలిగి ఆరేట్టు పెట్టాను. ఇంటూ, ఇంటూ, ఇంటూ.

గవ్వలతెప్పకి విడిగా ఒకటి పెట్టాను. అక్కడి అడ్మిన్ అబ్బులు మా అల్లుడికి మేనమామ. మంచివాడు. "అబ్బులు అన్నయ్యగారికి, నూకరత్నం వ్రాయునది" అని మొదలుపెట్టాను. పేరు చూసైనా ఆగుతాడనుకున్నాను. ఆయన చేపలవల విప్పుకునే తొందరలో, నుదుటి చెమట తుడిచినట్టు పట్టీని బొటనవేలితో తుడిచేస్తాడు. తుడిచేశాడు.

తాయారుకి సొంత పలక లేదు. గొంతు పంపే తీగలు నా చిన్నతనంలోనే తెగిపోయాయి. పడవ వేసుకుని వెళ్దామంటే పున్నమి దాటాకే చేరతాను. కోపంతో పొద్దున వండిన గంజి కూడా తాగలేదు. ఎవరి మీద కోపమో తెలియదు.

సాయంత్రం చుక్కానితెప్పలో ఒక ముసలాయన పోయాడు. నల్ల అంచు నోటీసు పెట్టాం. దానికి ఇంటూ గుర్తు ఉండదు. చావుకబురు పలక మీద చదివి ఊరుకోకూడదని మనవాళ్ళ నియమం. మనిషి కబురు మనిషి నోటితోనే అందాలి. అందుకని పేరు కనబడగానే అడ్మిన్లు చేస్తున్న పని వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటింటికీ బయల్దేరతారు. "చెప్పాం" అన్న గుర్తు తెప్పలన్నిటినుంచీ వచ్చింది. నా ఎర్రనోటీసు కింద అలాంటి గుర్తు ఒక్కటీ లేదు. చచ్చినవాడికున్న విలువ నా మాటకి లేకపోయింది అనుకున్నాను.

ఏకాదశి

ఇంటూ గుర్తు తీసేశాను. చదివి "మూస్తాం" అని నొక్కితే తప్ప నోటీసు పోదు.

వల పెట్టినప్పటినుంచీ రానన్ని తిరుగుమాటలు ఈ ఒక్కరోజులో వచ్చాయి. "పట్టీ అడ్డొచ్చి గొట్టం మీట సరిగా కనపడటం లేదు, తీయగలరు." "పలక చెడిపోయింది, బాగుచేసేవారిని పంపగలరు." "మాకు శుభాకాంక్షలు రావటం లేదు." ఆఖరిది బాబాయికి చూపించలేదు.

ద్వాదశి

ఉప్పు దించటానికి పడవమనిషి గంగరాజు వచ్చింది. పేరు మగపేరే, మనిషి ఆడమనిషి, చుక్కాని పడితే మగవాళ్ళు కూడా దారి ఇస్తారు. పలకల సంగతేమిటని అడిగాను.

"ఉప్పుతెప్పలో జగన్నాథం గోరు పలక పైన తెరచాప గుడ్డముక్క అంటించేరండి," అంది. "మీ పట్టీ ఎలిగి ఆరతా కళ్ళకి కొడతందంట. పట్టీ మటుకే కప్పేసేరు, కింద మీట బాగా కనపడతందన్నారు."

ఎర్రనీరు సంగతి చెప్పి, తిరిగి వెళ్ళి చెప్పమన్నాను. తను ఉత్తరపు తెప్పలకి పోతోంది, మళ్ళీ ఇటు వచ్చేది వచ్చే పక్షంలోనే. "ఎదురుగాలమ్మా, ఇప్పుడు ఎనక్కి తిప్పితే పున్నమికి కాదు గదా ఆ మర్నాటికి కూడా సేరను," అంది. అబద్ధమాడే మనిషి కాదు. వెళ్ళే దారిలో ఉన్నవాళ్ళకి చెబుతానంది. ఆ దారిలోకి ఎర్రనీరు రాదు.

ఇంటూ గుర్తు మళ్ళీ పెట్టేశాను. మిగిలినవాళ్ళు కూడా గుడ్డలు అంటిస్తే నల్ల అంచు చావుకబురు కూడా కనబడదు.

త్రయోదశి

తేలుబుడ్ల లెక్క మారింది. ఎర్రనీటి అంచు రేపు పొద్దుటికే గవ్వలతెప్పని తాకుతుంది. సముద్రం వైపు అన్నిటికంటే ముందున్నది అదే. రేపు తాయారు లేచి కడవ నింపుకుంటుంది. నీళ్ళు తేటగా ఉంటాయి. బిడ్డ కోసమని ఎక్కువ తాగుతుంది కూడా.

ఈ మాట బాబాయితో చెప్పేసరికి ఏడుపు ఆగలేదు. ఆయన ఓదార్చలేదు. పలకవైపు చూస్తూ వేరే సంగతి ఎత్తాడు.

"మీ పిన్ని పోయిన్నాడు గుర్తుందా?"

ఎలా మర్చిపోతాను. పిన్ని కూడా వల మనిషే, నాకు పని నేర్పింది ఆవిడే. వల మనిషి పోతే తెప్పలన్నిటికీ ఇంటిమనిషి పోయినట్టు లెక్క. తెప్ప తెప్పంతా గొట్టం ఆపేసి, కడవల్లో ఉన్న నీళ్ళు ఒంపేసి, మూడో రోజు పొద్దుటిదాకా వానకుండలో నీళ్ళే తాగుతారు. ఆరోజు చుక్కలు ఒక్కొక్కటీ ఆరిపోతుంటే బాబాయి ఈ కుర్చీలోనే కూర్చుని చూశాడు.

"పద్దెనిమిది సుక్కలూ ఆరిపోయేయి. అంత సముద్రం మీద ఒక్క గొట్టం సప్పుడు లేదు. అదంతా మీ పిన్ని కోసమే అనుకుంటే, ఎలా సెప్పను, నాకు బతకబుద్దేసింది," అన్నాడు. "రేపు తెల్లారగానే నా పేరు పెట్టెయ్, ఇయ్యాలే ఎడితే పున్నం దాటకుండా మళ్ళీ తెరిసేత్తారు. ఎర్రనీరని ఎవడూ నమ్మక్కర్లేదు. నేను పోయేనంటే మూసేత్తారు. ఇయ్యాలో రేపో పోయేవోణ్ణేగా."

ఆ మాటకి నా ఏడుపు ఆగింది. ఆయన చెప్పినట్టు చేస్తే సరిగ్గా మనకి కావలసిందే జరుగుతుంది. గొట్టాలు ఆగుతాయి, నిండిన కడవలు కూడా ఒలుకుతాయి.

కానీ ఒక మనిషికి ఆ రోజు ఒక్కసారే వస్తుంది. బాబాయికి పిల్లలు లేరు, చుట్టాలు లేరు. పిన్నికి దక్కిన ఆ ఒక్కరోజు తనకీ దక్కుతుందని ఈయన ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. ఇప్పుడు అది వాడేసుకుంటే, నిజంగా పోయిననాడు ఆయన కోసం ఒక్క కడవ కూడా ఒలకదు. నా కోసం ఏడవటానికి కూతురుంది.

"నా పేరు పెట్టు బాబాయ్," అన్నాను.

"తాయారు ఏమైపోద్దే?"

"ఏడుస్తుంది. బతికుండి ఏడుస్తుంది."

చతుర్దశి

పోయినవాళ్ళ పేరు రెండో మనిషే రాయాలి. బాబాయి నల్ల అంచు తెరిచి వేళ్ళు మీటల మీద పెట్టాడు. నల్ల అంచులో నిజం కానిది ఆయన ఎప్పుడూ రాయలేదు. కింద ఎర్రనీటి మాట కూడా చేర్చమని అడిగాను. వద్దన్నాడు. "ఇంకోమాట సేరిస్తే ఆలోసిత్తారు. ఆలోసిత్తే ఆగుతారు. పేరొక్కటే సాలు."

"కొండకేంద్రం నూకరత్నం పోయింది." అంతే రాశాడు.

నా చావు నేనే పలక మీద చూశాను. వింతగా ఏమీ అనిపించలేదు.

ముందు చుక్కానితెప్ప చుక్క ఆరింది. తర్వాత ఉత్తరాన వరసగా ఆరాయి. గవ్వలతెప్ప మాత్రం పచ్చగానే ఉంది. అబ్బులు అన్నయ్య పలక తెరిచినట్టు కనబడుతోంది కానీ గొట్టం ఆగలేదు. తాయారుకి ముందు చెప్పాలని పరుగెత్తి ఉంటాడు, మీట తర్వాత చూసుకుందామని. అది ఇల్లు దాటి ఏ పనికి పోయిందో, ఎక్కడ వెతుకుతున్నాడో. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. "ఆరవే, ఆరవే" అని ఆ చుక్కని బతిమాలుతూ గది అంతా తిరిగాను. బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

ఆరింది.

చిట్టచివరికి ఒక్క చుక్క మిగిలింది, ఉప్పుతెప్పది. గుడ్డ కింద నా పేరు వెలుగుతూనే ఉండాలి. జగన్నాథం మీట మాత్రమే చూస్తున్నాడు.

పున్నమి

ఎర్రనీరు మన కిందే ఉంది. తేలుబుడ్లన్నీ ఒకటే మాట చెబుతున్నాయి. చుక్కలన్నీ ఆరి ఉన్నాయి, ఉప్పుతెప్పది తప్ప. దానికి విడిగా పదేపదే నోటీసులు పెట్టాను. గుడ్డకి నోటీసు పెడితే ఏం లాభం.

సంతాపాలు వస్తున్నాయి. బాబాయి చదవద్దన్నాడు, చదివాను. "మాట కరుకు, మనసు మంచిది" అని ముగ్గురు నలుగురు రాశారు. మాట కరుకని బతికుండగా ఒక్కరూ చెప్పలేదు. ఒకావిడ, తన కాన్పప్పుడు వడబోత చెడిపోతే నేను రెండు రోజులు పలక దగ్గరనుంచి లేవకుండా బాగుచేయించానని రాసింది. ఆ సంగతి నాకే గుర్తులేదు. బతికుండగా ఇంత మంచిమాట వినే అదృష్టం ఎవరికీ ఉండదు, అయినా ఒక్కటి కూడా లోపలికి దిగలేదు. తాయారు నుంచి ఏమీ రాలేదు. రాదు కూడా. కూతురు సంతాపం రాయదు.

బహుళ విదియ

నీరు నిన్న తెల్లారేసరికే వెనక్కి పోయింది. బాబాయి నిజం పెట్టేశాడు. నల్ల అంచులోనే పెట్టాడు, లేకపోతే ఎవరూ చదవరు కదా. నేను బతికే ఉన్నానని, ఎందుకు అలా చేశామో అంతా రాశాడు.

కొందరు దండాలు పెట్టారు. ఎక్కువమంది తిట్టారు. ఒక అడ్మిన్, తన తెప్పలో పెద్దవాళ్ళు నా కోసం ఉపవాసం ఉన్నారని, వాళ్ళకిప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పాలని అడిగాడు. న్యాయమే అడిగాడు. నోటితో వెళ్ళిన కబురుని వెనక్కి తీసుకునే వీలు మనవాళ్ళ నియమాల్లో లేదు. నా పేరు వల నుంచి తీసేయాలని తెప్పలు తీర్మానించాయి. ఇకనుంచి నేను నోటీసు పెట్టకూడదు. పోయిన మనిషి పోయినట్టే. ఉత్తరపు తెప్పలవాళ్ళు నా స్థానంలోకి ఒక పిల్లని పంపుతున్నారు.

సాయంత్రం ఉప్పుతెప్ప నుంచి జగన్నాథం తిరుగుమాట వచ్చింది.

"మా అమ్మ పోయిందండి. ఇంకా నలుగురికి చేతులు ఆడటం లేదు. పలక మీద గుడ్డ తీసేశానండి."

ఇంటూ గుర్తు తీసేసింది నేను. గుడ్డ అంటించింది అతను. ఇందులో ఎవరి పాలు ఎంతో నేను తేల్చుకోలేకపోతున్నాను. ఆవిడ పేరు మహాలక్ష్మి.

తదియ

మహాలక్ష్మి గారికి నల్ల అంచు నోటీసు బాబాయే పెట్టాడు. "చెప్పాం" అన్న గుర్తులు రాలేదు. మూడు తెప్పలు ఒకటే మాట తిరిగి పంపాయి.

"నిజమేనా?"

బాబాయి ఆ మాట చదివి పలక ముందునుంచి లేచాడు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. కిందంతా నీళ్ళే, ఆ నీళ్ళ అడుగున ఒకప్పుడు వరిచేలు ఉండేవంటారు. నేను ఆయన పేరు కాపాడదామనే నా పేరు పెట్టాను. ఇప్పుడు ఏ పేరు పెట్టినా అడుగుతారు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"పోన్లేవే," అన్నాడు. "తాయారు బతికింది. నాకదే సాలు."

సరిపోదని ఆయన గొంతులో తెలుస్తూనే ఉంది. నేను వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

పంచమి

తాయారు వచ్చింది. నా అస్థికలు తీసుకెళ్ళటానికి బయల్దేరిందట. దారిలో తగిలిన తెప్పవాళ్ళు నిజం చెప్పేసరికి పడవ సగం దారిలో ఉంది. నిండుకడుపుతో మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆగింది. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

బాబాయి మంచినీళ్ళు ఇస్తే తీసుకుంది, తాగలేదు. గ్లాసు వంకే చూస్తూ మాట్లాడింది.

"అబ్బులు మావయ్య ఒచ్చేసరికి గ్లాసు నోటికాడుంది. అమ్మ పోయిందే అన్నాడు. గ్లాసు ఒంపేసేను. కడవ ఒంపేసేను. పక్కింటోళ్ళ కడవ కూడా నేనే ఒంపేసేను, నాకేం పూనిందో నాకే తెలీదు. బిడ్డ అదురుతుంటే కూడా ఏడుపు ఆపలేదు."

"బతికున్నావు కదమ్మా. బిడ్డ బాగుంది కదా."

"బాగుంది. కాదన్నానా." అప్పుడు నా వంక చూసింది. "నీ కోసం ఏడవాల్సిందంతా ఏడ్సేసేనమ్మా. ఏమీ మిగల్లేదు. రేపు నువ్వు నిజంగా పోతే, మావయ్య కాదు, ఎవరొచ్చి సెప్పినా నేను నమ్మను. గ్లాసు ఒంపను. పక్కనెట్టుకుని కూసుంటాను, మళ్ళీ బతికొత్తావేమోనని. అప్పుడు నన్నేం సెయ్యమంటావు?"

అన్ని తెప్పలకీ ఒకేసారి కబురు పెట్టటం వచ్చు నాకు. నా కూతురికి ఒక్క మాట చెప్పటం రాలేదు. నమ్మకు, వచ్చి చూసుకో అని గొణిగాను.

"ఒచ్చి సూడను," అంది తాయారు. "నువ్వే ఒచ్చి నా దగ్గరుండు. నా కళ్ళ ముందే పో."

సరే అన్నాను.

అప్పుడు నీళ్ళు తాగింది.